ఇంధన ఘటానికి గాలి వల్ల వచ్చే చిక్కు

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడటం మనం అందరం చూశాము. మన ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. తండాలో పెద్దవాళ్ల సున్నం డబ్బీ మూత తెరిచి పెడితే పైన పెచ్చు కట్టేది కూడా ఇందుకే. ఇటువంటి చర్యే కరెంటు తీసే ఒక పరికరాన్ని పాడుచేస్తుందని నేను ఈమధ్య చదివాను.

దాని పేరు ఇంధన ఘటం. ఇందులో హైడ్రోజన్ మంట లేకుండానే ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది, కరెంటు వస్తుంది. ఘన ఆక్సైడ్ రకం ఘటాన్ని శుద్ధి చేసిన గోబర్ గ్యాస్‌తో కూడా నడపవచ్చు. మన పల్లెలకు పనికొచ్చేది అదే! గాలిలోని ఆక్సిజన్ లోపలికి పోయే వైపును కాథోడ్ అంటారు. అంటే అది ఘటానికి ముక్కు అన్నమాట.

పాత రకం కాథోడ్ లాంథనం, స్ట్రాన్షియం, మాంగనీసుల ఆక్సైడ్. గట్టిదే గాని, సుమారు 800 డిగ్రీల వేడి ఉంటేనే బాగా పనిచేస్తుంది. అంత వేడికి ఆగే లోహాలు ఖరీదు. 2004లో అమెరికాలో షావో, హైలీ అనే శాస్త్రవేత్తలు బేరియం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుముల ఆక్సైడ్‌తో 600 డిగ్రీలకే మంచి కరెంటు తీశారు.

చిక్కు ఎక్కువగా బేరియంతోనే వచ్చింది. ఆవర్తన పట్టికలో రెండవ గ్రూపు చూడండి. కాల్షియం కింద స్ట్రాన్షియం, దాని కింద బేరియం. కిందికి పోయిన కొద్దీ ఆక్సైడ్ల క్షార గుణం పెరుగును, కార్బన్ డై ఆక్సైడ్‌ను మరింత గట్టిగా పట్టుకొనును. సున్నపురాయి బట్టీలో సుమారు 900 డిగ్రీలకు విడిపోతుంది. బేరియం కార్బొనేట్‌కు ఆ వేడి చాలదు, ఇక 600 డిగ్రీలు ఏం చాలుతుంది? గాలిలో ఈ వాయువు పదివేల భాగాల్లో 4 భాగాలే. అయినా ఘటం రాత్రింబవళ్లు పీలుస్తూనే ఉంటుంది కదా! కాథోడ్ మీద కార్బొనేట్ పొర కట్టి ఆక్సిజన్ దారి మూసుకుపోతుంది. వాయువు ఎంత ఎక్కువైతే అంత త్వరగా కరెంటు పడిపోతుంది.

హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. సంస్థకు చెన్నైలో ఇంధన ఘటాల కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే పాలిమర్ పొర రకంలో బేరియం ఉండదు, ఈ బాధ లేదు. కాని దానికి ప్లాటినం కావాలి, హైడ్రోజన్ కూడా చాలా శుద్ధంగా ఉండాలి.

మరి బేరియం కాథోడ్‌కు మందేమిటి? ఇంకా వేడి చేసి శుద్ధ ఆక్సిజన్ పంపితే చాలావరకు తేరుకుంటుంది. మాటిమాటికీ అలా చేస్తే తక్కువ వేడి లాభం పోయినట్లే. గాలిని ముందే సున్నం గుండా పంపి వడకట్టవచ్చు, అయితే ఆ సున్నం మారుస్తూ ఉండాలి. నాకు నచ్చినది మూడో దారి. నియోబియం, టాంటలం వంటి లోహాలను ఆ ఆక్సైడ్‌లో కొద్దిగా చేరిస్తే దాని క్షార గుణం తగ్గుతుంది, కార్బన్ డై ఆక్సైడ్ అంతగా అంటుకోదు. మరీ ఎక్కువ చేరిస్తే ఆక్సిజన్ కూడా సరిగా లోపలికి పోదు. అందుకే ఎంత కలపాలన్నదే ఇప్పుడు పరిశోధన.