నోళ్ళు, చేతులు, పొయ్యి
(కుటుంబ నిర్మాణమునకు పేదరికమునకు గల సంబంధము)

గ్రామములలో గోడలపై ఎర్రని త్రికోణపు గుర్తు ప్రక్కన "చిన్న కుటుంబము చింతలేని కుటుంబము" అను నినాదము కనిపించిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. ఆ నినాదములో ఒక ఆర్థిక సిద్ధాంతము ఇమిడియున్నది. ఇంటిలో నోళ్ళు పెరిగినకొలది ఇల్లు బీదదగును. నోళ్ళు తగ్గినచో బీదరికము దానంతట అదే తొలగును అని దాని భావము. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. ఆ సత్యము ఎంతవరకు నిలుచునో, బచ్చన్నపేట వంటి మెట్ట ప్రాంతమును కంటి ముందుంచుకొని పరిశీలింపదలచినాము. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలోను, పిదప జనగామ జిల్లాలోను ఉన్న ఈ మండలములో చెరువు నిండిన ఏడు వరి నాట్లు, నిండని ఏడు హైదరాబాదు బస్సు అన్నట్లు జీవనము సాగినది.

ముందుగా కుటుంబమనగా నేమి? జనాభా లెక్కల వారు రక్తసంబంధమును ప్రమాణముగా తీసికొనరు; ఒకే పొయ్యి మీద వండుకొని తినువారిని ఒక కుటుంబముగా వ్రాసికొందురు. అన్నదమ్ములు వేరుపడిన నాడు పొయ్యి రెండగును, చేను మాత్రము పెరుగదు. 1970-71లో మన దేశమున సగటు కమతము 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి 1.08 హెక్టార్లు. అదే సంవత్సరము తెలంగాణలో సరిగా ఒక హెక్టారు, అనగా రెండున్నర ఎకరములు. కుటుంబము చిన్నదైనది, దానితోపాటు చెలక కూడ చిన్నదైనది.

పొయ్యిల సంఖ్య పెరుగుటకు వేరొక కారణము కూడ కలదు. 2011 జనాభా లెక్కలలో తెలంగాణ ప్రాంతమున ఉన్న కుటుంబములు సుమారు 83 లక్షలు. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో ఆ సంఖ్య కోటి దాటినది. మూడేండ్లలో అన్ని కొత్త కాపురములు వెలసినవనుట నమ్మదగినది కాదు. ప్రభుత్వ సహాయము కుటుంబమునకు ఇంత చొప్పున వచ్చునని ఎరిగిన ప్రజలు తండ్రీకొడుకుల పొయ్యిలను వేరువేరుగా వ్రాయించుకొనిరని మా అభిప్రాయము. ఇది మోసమని కొందరు అందురు. లెక్క యెట్లుండునో, లెక్కకు ఎక్కువారును అట్లే ఉందురని మేము అందుము.

ఇక పేదరికమును కొలుచు విధానమును చూతము. 1979లో ప్రణాళికా సంఘపు నిపుణులు గ్రామమున మనిషికి దినమునకు 2400 కేలరీల ఆహారమును ప్రమాణముగా తీసికొని, 1973-74 ధరలలో నెలకు తలకు 49 రూపాయల 9 పైసలను దారిద్ర్యరేఖగా నిర్ణయించిరి. ఇచ్చట "తలకు" అను మాటను విద్యార్థులు గమనింపవలెను. ఇంటి ఖర్చును తలల సంఖ్యతో భాగించినప్పుడు, పెద్ద కుటుంబము సహజముగానే రేఖకు దిగువన పడును. కాని ఒక దీపము ఇద్దరికైనను ఎనమండుగురికైనను వెలుగునిచ్చును. ఒక కప్పు, ఒక పొయ్యి, ఒక బావి కూడ అట్టివే.

ఒక లెక్క వేయుదము. అంకెలు సులభముగా ఉండుటకు మేము అనుకొన్నవి. ఎనమండుగురున్న ఇంటి నెల ఖర్చు 8000 రూపాయలు. ఇద్దరే ఉన్న ఇంటి ఖర్చు 2200 రూపాయలు. తలకు భాగించినచో పెద్ద ఇంటికి 1000, చిన్న ఇంటికి 1100. కనుక పెద్ద ఇల్లే పేదది. తలల సంఖ్యకు బదులు దాని వర్గమూలముతో భాగించు పద్ధతి ఒకటి కలదు. ఆ విధముగా చేసినచో పెద్ద ఇంటికి సుమారు 2828, చిన్న ఇంటికి సుమారు 1556 వచ్చి, వరుస తారుమారగును! పీటర్ లాంజో, మార్టిన్ రవాలియన్ అను ఆర్థికవేత్తలు 1995లో పాకిస్తాను గణాంకములను తీసికొని ఈ విషయమునే చూపిరి. బియ్యము విషయములో మాత్రము ఇట్టి పొదుపు చెల్లదు. ప్రతి నోటికి దాని ముద్ద దానికి కావలెను. కావున నిజము ఈ రెండు లెక్కలకు నడుమ ఎక్కడనో ఉండును.

దీని వలన ఎక్కువగా మరుగున పడునది ఒంటరి స్త్రీ. జాన్ డ్రెజ్, పి.వి. శ్రీనివాసన్ గారలు 1997లో గ్రామీణ భారతమునందలి వితంతువులను గూర్చి ప్రకటించిన వ్యాసములో ఈ సంగతి స్పష్టమైనది. తలసరి లెక్కలో వితంతువుల కుటుంబములు ఇతరుల కంటె అంతగా పేదవిగా కనిపింపలేదు. చిన్న ఇంటికి కలిసి బ్రతుకుటలోని పొదుపు లేదను సంగతిని లెక్కలోనికి తీసికొనగానే వారి పేదరికము బయటపడినది. కొడుకులు నగరమునకు పోగా మెట్ట గ్రామమున మిగిలిన ముసలి తల్లిది ఏకసభ్య కుటుంబము. నినాదము ప్రకారము అంతకంటె చిన్న కుటుంబము లేదు.

సభ్యుల సంఖ్య కంటె వారి వయస్సు ముఖ్యము. ఇంగ్లండులోని యార్కు పట్టణమును పరిశీలించి రౌంట్రీ 1901లో ప్రకటించిన గ్రంథములో, కూలివాని జీవితమున లేమి మూడుమార్లు వచ్చునని చెప్పెను: తాను బాలుడుగా ఉన్నప్పుడు, తన పిల్లలు చిన్నవారుగా ఉన్నప్పుడు, తాను ముసలివాడైనప్పుడు. మన కూలి కుటుంబములకు ఇది చక్కగా సరిపోవును. చంటిబిడ్డ గల తల్లి నాట్లకు పోలేదు. రెండు చేతులపై అయిదు నోళ్ళు ఆధారపడును. పదునైదేండ్ల తరువాత ఆ యింటనే అయిదుగురు కూలికి పోవచ్చును. రెండు సమయములందును లెక్కల పుస్తకములో సభ్యులు అయిదుగురే.

చేతులు తక్కువగా ఉన్న ఇంటికి ఆపద తట్టుకొనుట కష్టము. మన రాష్ట్రము విడిపోక పూర్వము ముప్పదియారు గ్రామములలో పరిశోధన చేసి అనిరుధ్ కృష్ణ 2006లో ప్రకటించిన వ్యాసములో, కుటుంబములను పేదరికములోనికి త్రోయునవి రోగము, వైద్యపు ఖర్చు, పెండ్లి ఖర్చులు, అధిక వడ్డీ అప్పులు అని తేలినది. మెట్ట ప్రాంతములో నీరు పడని బోరును కూడ ఈ పట్టికలో చేర్చవలెను. ముగ్గురున్న ఇంట సంపాదించువాడు మంచము పట్టినచో ఆ స్థానమును తీసికొనువారుండరు. మహమూద్ మమ్దానీ 1972లో పంజాబులోని మానుపూరు గ్రామమును గూర్చి వ్రాయుచు, పేదవారు అజ్ఞానము చేత గాక చేతుల కొరకే బిడ్డలను కోరుదురని వాదించుటకు కారణమిదియే.

అయినను సంతానము తగ్గినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారము 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 2.6 బిడ్డలు, తెలంగాణలో 2015-16లోను 2019-21లోను 1.8. ఈ రెండు సర్వేల నడుమ సంతానపు సంఖ్య కదలలేదు. అదే కాలములో, నీతి ఆయోగ్ లెక్క ప్రకారము, తెలంగాణలో బహుముఖ పేదరికము నూటికి 13.18 నుండి 5.88కి దిగినది. బిడ్డలు తగ్గకుండ పేదరికము సగమునకు మించి తగ్గినదన్నమాట. ముస్లిములలో పేదరికమునకు సంతానమే కారణమని తేలికగా చెప్పువారు కూడ ఒక అంకెను చూడవలెను. దేశము మొత్తమున ముస్లిం స్త్రీల సగటు సంతానము 1992-93లో 4.4 కాగా 2019-21 నాటికి 2.4కు చేరినది.

ప్రభుత్వములు వేయు కొలతలు కూడ పేదరికమును పెంచుటయో తగ్గించుటయో చేయును. తెలంగాణలో 2014 చివరి వరకు చౌకబియ్యము మనిషికి 4 కిలోలు, కాని కుటుంబమునకు 20 కిలోలకు మించరాదు. ఆరవవాడు పుట్టిన ఇంటికి ఒక్క గింజ అదనముగా రాదు. 2015 జనవరి 1 నుండి ఆ హద్దు తీసివేసి మనిషికి 6 కిలోలు చేసిరి. 2005 నాటి ఉపాధి హామీ చట్టము ఏడాదికి 100 దినముల పనిని కుటుంబమునకు ఇచ్చినది, చేతులెన్ని యని అడుగలేదు.

మన కళాశాలకు సంబంధించినది ఉపకార వేతనపు నిబంధన. గ్రామములలోని వెనుకబడిన తరగతుల విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయము లక్షాయేబదివేలకు మించరాదని నిర్ణయించిరి. ఎనమండుగురు తిను ఇంటి ఆదాయము 1,60,000 అయినచో తలకు 20,000. ఆ విద్యార్థికి వేతనము లేదు. ముగ్గురున్న ఇంటి ఆదాయము 1,40,000 అయినచో తలకు 46,000కు పైబడును; ఆ విద్యార్థికి కలదు. ఈ నిబంధనను మార్చుట మన చేతిలో లేదు. కాని కళాశాల సంఘము తన సొంత సహాయమునకై తీసికొను దరఖాస్తులో ఆదాయపు గడి ప్రక్కన మరి మూడు గడులు చేర్చవచ్చును: ఇంట తినువారెందరు, సంపాదించువారెందరు, పదునాలుగేండ్ల లోపువారును అరువదేండ్లు దాటినవారును ఎందరు. రాబోవు సెలవులలో బచ్చన్నపేట పరిసర గ్రామముల విద్యార్థులు తమ వీధిలోని పది ఇండ్లకు ఈ గడులను నింపి తెచ్చినచో, దరఖాస్తును మార్చుటకు సంఘము వారికి ఆధారము దొరకును.