ఇషా తర్వాతి ఫోను, ఫజ్ర్ నమాజు

నగరానికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు నేడు విద్యార్థుల ఊళ్లయ్యాయి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉంది. ఆ చుట్టుపక్కలే 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం మొదలయింది. కండ్లకోయ వైపు ఇంజనీరింగు కాలేజీలున్నాయి. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే మన పిల్లలకు ఫజ్ర్‌కు లేపే అమ్మీ దగ్గర ఉండదు. ఇలాంటి పిల్లల నుంచి మేము తరచూ వినే ప్రశ్న ఇది: “ఫోను చూస్తూ రాత్రి రెండున్నర అయింది. నిద్రలో ఫజ్ర్ పోయింది. నిద్రకు మన్నింపు ఉంది కదా, మౌలానా సాబ్?”

మన్నింపు ఉన్న మాట నిజమే. నిద్రపోయినవాడు, మరచినవాడు గుర్తురాగానే నమాజు చేసుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. అయితే ఈ బోధ వెనుక ఉన్న సంఘటనను కూడా చూడాలి. ఖైబర్ నుంచి తిరిగివస్తూ రాత్రివేళ ప్రయాణించి, అలసి, ఆఖరి జామున విడిది చేశారు. పడుకునే ముందు హజ్రత్ బిలాల్ (రజి)ను కాపలా ఉంచారు. బిలాల్ (రజి) చేయగలిగినన్ని నమాజులు చేసి, ఉదయించే దిక్కుకు తిరిగి ఒంటెకు ఆనుకొని కూర్చున్నారు. ఆయనకూ కునుకు పట్టింది. ఎండ తగిలాకే అందరికీ మెలకువ వచ్చింది. (ముస్లిం)

గమనించండి! అక్కడ ప్రయాణపు అలసట ఉంది, లేపడానికి మనిషిని నియమించిన జాగ్రత్త ఉంది. మన హాస్టల్ గదిలో ఈ రెంటిలో ఏది ఉంది? నిద్రలో నిర్లక్ష్యం లేదని, మేల్కొని ఉన్నప్పటిదే నిర్లక్ష్యమని కూడా ఆయన (స) తెలిపారు. రెండున్నర దాకా మన పిల్లవాడు మేల్కొనే ఉన్నాడు కదా!

ఇషాకు ముందు నిద్రను, ఇషా తర్వాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని హజ్రత్ అబూ బర్‌జా (రజి) తెలిపారు. (బుఖారీ) ఫజ్ర్ తప్పిపోతుందన్న భయమే దీనికి కారణమని ఉలమాలు వివరించారు. విద్య కోసం, అతిథి కోసం, ఇంటివారితో ముచ్చట కోసం మేల్కొనడం ఇందులోకి రాదు. కనుక పరీక్ష చదువు, ఊరికి ఫోను చేయడం తప్పు కాదు. ఫోను హరామ్ అని మేమనడం లేదు.

కబుర్లకు ఒక ముగింపు ఉండేది, ఎదుటివాడికి నిద్ర వచ్చేది. ఫోను పేజీకి అడుగే లేదు. 2006లో ఈ అంతులేని పేజీని రూపొందించిన అజా రాస్కిన్ తర్వాత దానిపై బహిరంగంగా విచారం వెలిబుచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలైన తన జాబితాలో ఆటల వ్యసనాన్ని రుగ్మతగా చేర్చింది. ఫోను వ్యసనం విడిగా అందులో లేదు. లేనంత మాత్రాన ఊరట చెందనక్కరలేదు.

ఛార్జరును మంచానికి దూరంగా, లేచి నడిస్తేగాని అందనిచోట పెట్టండి. అలారానికి వేరే గడియారం కొనుక్కోండి. గదిలో ఒకరిని బిలాల్‌గా నియమించుకోండి, వారానికొకరు చొప్పున. జూన్‌లో ఇక్కడ సూర్యుడు 5.40 ప్రాంతంలోనే ఉదయిస్తాడు, జనవరిలో 6.45 దాటుతుంది. వేసవిలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఇంత చేసినా తప్పిపోతే, లేవగానే ఫోను తీయకుండా వుజూ చేయండి. సూర్యుడు పైకి వచ్చేదాకా ఆగి ఖజా చేయండి, జుహర్ దాకా వాయిదా వేయకండి. హనఫీ మస్లక్ ప్రకారం అదే రోజు జవాల్‌కు ముందు చేస్తే రెండు రకాతుల సున్నత్ కూడా ఫర్జ్‌తో కలిపి చేసుకోవాలి.