గుర్రాల పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నవి

1976లో మేం ఇంగ్లండులోని సఫోక్‌లో ఓ పల్లెటూళ్ళో కాపురం పెట్టాం. మావారు దగ్గరి టౌనులో డాక్టరు. నేను కృష్ణా జిల్లాలో రైతు ఇంటి పిల్లని. అక్కడి చలికన్నా, పలకరించే మనిషి లేకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. మా పెరటి కంచె అవతల ఒకావిడ, రెండు ఎర్రటి ఆడగుర్రాలు. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. రొట్టె కొనుక్కోడానికైనా పోస్టాఫీసుకైనా గుర్రబ్బండి మీదే వెళ్ళేది. ఊరంతా ఆవిడ గురించి ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళు. నేను మాత్రం గుర్రాల పెద్దమ్మ అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు డెబ్బై అయిదు నిండాయి. ఆవిడ నేర్పినవి నాతోనే పోకూడదని రాస్తున్నాను.

1. ముందు తొట్టి, తర్వాత మన కంచం

పెద్దమ్మ లండన్లో బట్టలకొట్లో పనిచేసేదట. 1941లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, పొలం పనులకి ఆడవాళ్ళని పంపే విమెన్స్ ల్యాండ్ ఆర్మీలో చేరింది. తిండిలో సగానికి పైగా ఓడల మీద తెచ్చుకునే దేశం అది. ఆ ఓడల్ని జర్మన్ సబ్‌మెరైన్లు ముంచేస్తుంటే పచ్చిక బీళ్ళు దున్ని గోధుమలు, బంగాళాదుంపలు వెయ్యక తప్పలేదు. మగవాళ్ళేమో యుద్ధానికి పోయారు. ట్రాక్టర్లు ఇంకా తక్కువే కాబట్టి చాలా పొలాల్లో గుర్రాలే దిక్కు.

తెల్లవారుజామున అయిదింటికల్లా లాయంలో ఉండాలి. గుర్రం అంత పెద్ద జంతువైనా దాని పొట్ట చిన్నది. ఒక్కసారే మేత కుమ్మరిస్తే కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఓట్స్‌లో గడ్డి తరుగు కలిపి కొంచెం పెట్టాలి, అది తిన్నాక మళ్ళీ కొంచెం. పెద్దమ్మ డెబ్బై ఏళ్ళప్పుడు కూడా వాటి తొట్టి చూడకుండా టీ తాగడం నేనెరగను.

2. చేత్తో చూడాలి

మొదటిసారి గుర్రానికి మెడపట్టెడ తొడగమని పెద్దమ్మ నా చేతికిచ్చింది. లోపల గడ్డి కూరి తోలుతో కుట్టిన పట్టెడ, చాలా బరువు. నేను ఉన్నదున్నట్టే తోశాను, కళ్ళ దగ్గర ఆగిపోయింది. గుర్రం తల విదిలించింది. పెద్దమ్మ నెమ్మదిగా దాన్ని తలకిందులు చేసింది. గుర్రం తల కళ్ళ దగ్గర వెడల్పు, పట్టెడ కింది భాగం వెడల్పు. అందుకని తిరగేసి కళ్ళు దాటించి, చెవుల వెనక మెడ సన్నగా ఉన్నచోట, జూలు వాలిన వైపుకి తిప్పి, భుజాల మీదికి జార్చాలి. తర్వాత గొంతు దగ్గర అరచెయ్యి దూర్చి చూడాలి. చెయ్యి పట్టకపోతే ఊపిరాడదు, మరీ వదులైతే రాసుకుని పుండవుతుంది.

సాయంత్రం పట్టెడ తీశాక ఆవిడ భుజాలంతా తడిమి, ఎక్కడైనా వేడిగా తగిలితే ఉప్పునీళ్ళతో కడిగేది. అది చూస్తూ నేను ఏడ్చాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వాన పడిందని, అదను పోతుందని, మెడ పుండు పడిన ఒంగోలు ఎద్దుకే మా నాన్నగారు కాడి కట్టారు. ఆయన చెడ్డవారు కాదు, మా తిండి ఆ నాలుగు రోజుల దుక్కి మీదే ఆధారపడి ఉంది. ఆ మాట చెబితే పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "యుద్ధంలో నేనూ ఒకసారి అలాగే కట్టాను," అంది. జంతువుని ప్రేమించిన మనిషి దానికి అన్యాయం చెయ్యదని అనుకోకండి. అందుకే రోజూ చెయ్యి పెట్టి చూడాలి.

3. దాపట, వలపట

దాపటెద్దు, వలపటెద్దు అని మనం అన్నట్టే అక్కడి రైతులకీ జోడీలో ఎడమ గుర్రానికో పేరు, కుడి గుర్రానికో పేరు. కుడిది చాల్లో నడుస్తుంది, ఎడమది దున్నని నేల మీద. తొమ్మిదంగుళాల చాలుతో ఎకరం దున్నితే పదకొండు మైళ్ళ నడక. గుర్రాలతోపాటు మనిషీ నడవాలి. కావాలంటే లెక్క వేసుకోండి, నేను వేసుకున్నాను.

4. గుర్తింపు రాలేదని పని తగ్గించకు, పని చేశావని గుర్తింపు వదులుకోకు

గోధుమరంగు బ్రీచెస్, ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకున్న పట్నం పిల్లల్ని చూసి మొదట్లో రైతులు నవ్వారట. 1943 నాటికి అలాంటి ఆడపిల్లలు ఎనభై వేలకు పైగా ఉన్నారు. కూలి మాత్రం మగవాళ్ళకన్నా తక్కువ. యుద్ధం ముగుస్తుండగా, మిగతా దళాలకిచ్చే సాయం వీళ్ళకి లేదన్నారు. ల్యాండ్ ఆర్మీని నడిపిన లేడీ డెన్మన్ 1945 ఫిబ్రవరిలో అందుకు నిరసనగా రాజీనామా చేసింది. బతికున్నవాళ్ళకి ప్రభుత్వం బ్యాడ్జీ ఇచ్చింది 2008లో! అప్పటికి పెద్దమ్మకి ఎనభై ఆరు. ఆవిడ తోటి పిల్లల్లో ఎందరో అప్పటికే పోయారు. నాకు ఇప్పటికీ కోపమే.

5. అక్కర తీరిందని వదిలెయ్యకు

యుద్ధం అయ్యాక ట్రాక్టర్లు వచ్చాయి, వేలాది గుర్రాలు కబేళాకి పోయాయి. తాను దున్నిన ఆడగుర్రాన్ని పెద్దమ్మ దాచుకున్న కూలి డబ్బుతో కొనేసింది. ఊళ్ళో ఆవిడకి పిచ్చిదని పేరు పడింది అప్పుడే. అది సఫోక్ పంచ్ జాతి. కాళ్ళకి బొచ్చు ఉండదు, రంగు ఎప్పుడూ ఎరుపే, అందులో ఏడు ఛాయలు. 1966లో ఈ జాతిలో నమోదైన పిల్లలు తొమ్మిదే. అలాంటి రోజుల్లో ఆవిడ తన గుర్రాల్ని చూడి కట్టించింది.

6. దగ్గరుండు, అడ్డు రాకు

1978 వసంతంలో ఓ రాత్రి, గుర్రం ఈనుతోందని పెద్దమ్మ కిటికీ మీద కొట్టి నన్ను పిలిచింది. నేను లాంతరు పట్టుకున్నాను. పిల్ల పడింది, తడిసి నల్లగా కనిపించింది. లేవబోయి పడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. నేను ముందుకి వెళ్ళబోతే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ పట్టు ఇంకా నాకు తెలుస్తూనే ఉంది. దాదాపు గంటకి నాలుగు కాళ్ళ మీద నిలబడి, తల్లి కడుపు కింద వెతుక్కుంటూ పొదుగు అందుకుంది. వంటి మీది తడి ఆరాక తెల్లవారు వెలుతుర్లో దాని అసలు రంగు కనబడింది, మా ఊరి పాత ఇటుకల రంగు.