మిరుగు నుంచి సంక్రాంతి దాకా: మీ చేను, మీ నీళ్లు, మీ కాగితాలు



ఈ పీడీఎఫ్‌ను ఫోన్‌లో దాచిపెట్టుకోండి. చదువు రాని పెద్దలు ఉంటే ఇంట్ల పిల్లలతో చదివించండి.

పథకాల పేర్లు టీవీలో, వాట్సాప్‌లో మీకు రోజూ వినబడుతూనే ఉంటాయి. ఏ పథకానికి ఎంత డబ్బో చాలామందికి నోటికి వచ్చు. అయినా పథకం ఉండి కూడా డబ్బు అందని ఇళ్లు ప్రతి ఊళ్లో నాలుగైదు కనిపిస్తాయి. నేను చూసినంతలో ఆ ఇళ్లలో చాలావాటికి అర్హత ఉంది. అదనుకు కాగితం లేదు, అంతే. విత్తనానికి అదను ఉన్నట్టే కాగితానికీ ఒక అదను ఉంటుంది. అది మీ ఊరికి నీళ్లు ఎటు నుంచి వస్తాయన్న దాన్ని బట్టి మారుతుంది. అందుకే ముందు నీళ్ల సంగతి మాట్లాడుకుందాం.

గోదావరికి ఆ ఒడ్డు, ఈ ఒడ్డు

ఉమ్మడి ఆదిలాబాద్, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలు గోదావరికి చెరో ఒడ్డున ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినా నీళ్లకు ఆ హద్దులు తెలియవు. వాన ఎక్కువ పడేది ఆదిలాబాద్ వైపు. ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. అయినా ఎండాకాలం వస్తే బిందెడు నీళ్ల కోసం చెలిమెల దగ్గర కూర్చునే గూడేలు కూడా ఆ వైపే ఉన్నాయి. కారణం నేల వాలు. గుట్టల మీద పడ్డ వాన ఒర్రెల్లోకి, ఒర్రెల నుంచి వాగుల్లోకి, అక్కడి నుంచి పెన్‌గంగకో ప్రాణహితకో కడెంకో దిగిపోతుంది. చేనుకు మిగిలేది నల్లరేగడి పట్టి ఉంచుకున్న పదునే. అందుకే అక్కడ పత్తి, సోయా, కంది. ఆ రైతు చూపు ఆకాశం మీద ఉంటుంది.

కరీంనగర్ వైపు వాన కొంత తక్కువ. కానీ కాలువ ఉంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. అక్కడి నుంచి కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు వచ్చి కరీంనగర్ పక్కన దిగువ మానేరులో కలుస్తుంది. ఈ డ్యామ్ నిండితే సుమారు 24 టీఎంసీలు. పేపర్లో టీఎంసీ అని చదివి చాలామంది పేజీ తిప్పేస్తారు, అందుకే ఒక లెక్క చెప్తాను. ఎకరం వరి పండాలంటే నారు నుంచి కోత దాకా సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అంటే 48 లక్షల లీటర్లకు పైనే. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. దారిలో చుక్క పోకుండా చేరినా ఒక టీఎంసీతో తడిసేది ఆరు వేల ఎకరాల లోపే. కాలువ చివరి ఊళ్లు యాసంగిలో ఎందుకు గొడవ పడతాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. మీది ఆఖరి తూము కింది పొలమైతే, యాసంగి నాట్లు వేసే ముందు ఎన్ని తడులు ఇస్తారో, ఏ తేదీ దాకా ఇస్తారో నీటిపారుదల శాఖ ప్రకటన చూసి వేయండి. పక్కాయన నాటు పెట్టిండని పెట్టకండి. ఆయనకు బోరు ఉండొచ్చు.

మొదటి వాన మోసం

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిర్మల్ రైతులు దీన్ని నింపాదిగా చదవండి.

జూన్ 7, 8 తేదీల్లో మిరుగు వస్తుంది. ఒక దెబ్బ వాన పడుతుంది. మట్టి వాసన రాగానే మనిషి ఆగడు. తెల్లారేసరికి ఊరంతా చేన్లోనే ఉంటుంది. తర్వాత పది పదిహేను రోజులు చినుకు ఉండదు. గింజ ఉబ్బి, మొలక పైకి రాలేక లోపలే మాడిపోతుంది. మళ్లీ విత్తాలి. 2025 వానాకాలంలో పత్తి విత్తనం ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున ఐదెకరాలకు లెక్క కట్టండి: 9 వేలు మట్టిపాలు. కూలీ, అరక ఖర్చు వేరే. ఈ నష్టానికి పరిహారం ఇచ్చే పథకం ఏదీ లేదు. ఎవరైనా వస్తుందని చెప్తే నమ్మకండి. ఇది మీ చేతుల్లో ఆపుకోవలసిన నష్టం.

వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే కొలత ఇది: చెల్క నేలల్లో 50 నుంచి 60, రేగడి నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి గింజ వేయాలి. రేగడి ఎక్కువ అడగడానికి కారణం ఉంది. అది ముందు తన పగుళ్లు నింపుకుంటుంది, ఆ తర్వాతే గింజకు ఇస్తుంది. 60 మిల్లీమీటర్లు అంటే చిన్న మాట కాదు. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే 4 వేల లీటర్లు. 60 అంటే రెండు లక్షల నలభై వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 48. మీరు ఎన్ని ట్యాంకర్లు కొన్నా పోయలేని నీళ్లవి.

మండల కేంద్రంలో ఎంత పడ్డదో పేపర్లో వస్తుంది. మీ చేన్ల ఎంత పడ్డదో పేపర్‌కు తెలియదు. గుట్టకు ఈ పక్క కురిసి ఆ పక్క ఎండ కాసే ఊళ్లు మనవి. కాబట్టి మీరే కొలవండి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఏదైనా సరే, చెట్టు నీడ పడని చోట కదలకుండా పెట్టండి. పొద్దున్నే పిల్లల స్కేలు ముంచి చూడండి. ఒక సెంటీమీటరు నీళ్లుంటే పది మిల్లీమీటర్ల వాన. రాసుకొని నీళ్లు పారబోయండి, లేకుంటే ఎండకు ఆవిరై లెక్క తప్పుతుంది. నాలుగైదు రోజుల్లో కలిపి ఆరు, ఏడు సెంటీమీటర్లు అయినంక గడ్డపారతో ఒక చోట తవ్వండి. జానెడు లోతు దాకా మట్టి ఉండ కడితే అప్పుడు విత్తండి.

మిరుగు పోతే పంట పోతుందని మీ నాయన చెప్పి ఉంటారు. ఆయన చెప్పింది జొన్న, కంది కాలం నాటి మాట, విత్తనం ఇంటి గరిసె నుంచి తీసిన కాలం నాటి మాట. ఇప్పుడు విత్తనం కొట్టు నుంచి, చాలాసార్లు అప్పు మీద వస్తోంది. పత్తికి జూలై మొదటి పక్షం దాకా టైం ఉంటుంది.

పెట్టుబడికి రైతు భరోసా ఉంది. 2018 మే 10న ఇదే కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు పేరుతో మొదలైంది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసాగా ఎకరానికి ఏడాదికి 12 వేలు, సీజన్‌కు 6 వేల చొప్పున ప్రకటించారు. పోడు భూములకు అటవీ హక్కుల పత్రాలు ఉన్న ఆదివాసీ రైతులు కూడా దీనికి అర్హులే. బ్యాంకు ఖాతా వాడక ఆగిపోయిందేమో మే నెలలోనే చూసుకోండి.

వాగు పొంగినప్పుడు

2022 జూలై 13న కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్ల నుంచి వదలగలిగేది సుమారు 3 లక్షలు. నీళ్లు కట్ట మీది నుంచి పొర్లాయి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. 1958లో ఇదే చోట వరదకు తెగింది. పెద్ద వరద పేపర్లోకి ఎక్కుతుంది. కానీ పత్తి చేన్ల మోకాలి లోతు నీళ్లు మూడు రోజులు నిలబడితే అది ఎక్కడా రాదు, పంట మాత్రం ఎర్రబారి పోతుంది.

పంటల బీమా రాష్ట్రంలో 2020 వానాకాలం నుంచి ఆగిపోయింది. ఆ తర్వాత వరదలకైనా వడగళ్లకైనా రైతుకు దక్కింది ప్రభుత్వం ప్రకటించే పంట నష్ట పరిహారమే. 2023 మార్చి వడగళ్ల వానకు ఎకరానికి 10 వేలు ప్రకటించారు. ఇది రావాలంటే 33 శాతం, ఆపై నష్టం జరిగినట్టు అధికారులు రాయాలి. ఏఈఓ వచ్చేసరికి నీళ్లు తీసిపోతాయి, చేను పచ్చగా కనబడుతుంది, అక్కడే పేచీ. నీళ్లు నిలిచిన రోజే ఫోటో తీయండి. గట్టు, కరెంటు స్తంభం, బావి, మీ చేను ఇదేనని గుర్తుపట్టే ఏదో ఒకటి అందులో పడాలి. అదే రోజు ఏఈఓకు చెప్పండి.

ఇంకోటి, పంట నమోదు. ఏ సర్వే నంబర్లో ఏ పంట ఎన్ని గుంటలు అని ఏఈఓ రాసుకునే పని ఇది. పరిహారానికీ, మద్దతు ధరకు అమ్ముకోవడానికీ ఇదే పునాది. పత్తి వేసి పోయినేడు సోయా అలాగే రికార్డులో ఉండిపోతే, అమ్మే రోజు మిల్లు గేటు దగ్గర తెలుస్తుంది. ఆగస్టులో ఒకసారి రైతు వేదికకు పోయి మీ పేరు ముందు ఏముందో అడిగి చూసుకోండి.

తేమ లెక్క

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఈ ధర 8 శాతం తేమ ఉన్న పత్తికి. ఆపై ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, అంటే సుమారు 81 రూపాయలు. 12 శాతం ఉంటే చేతికి వచ్చేది 7,786. అది దాటితే సీసీఐ కొనదు. బండి వెనక్కి తిప్పుకోవాలి, లేదా గేటు బయట ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకు ఇవ్వాలి.

మన దగ్గర మొదటి ఏరుడు అక్టోబర్‌లో వస్తుంది. వానలు అప్పటికి పూర్తిగా పోవు, ఆ వెంటనే ఆదిలాబాద్ వైపు చలి, మంచు మొదలవుతాయి. పొద్దుగాల ఆరింటికి ఏరిన పత్తి మంచుతోనే బస్తాలోకి పోతుంది. కూలీలు పొద్దున్నే వస్తామంటారు, ఎండ ముదిరితే కష్టమని. వాళ్ల మాటా నిజమే. అయినా మంచు ఆరినంక మొదలుపెట్టేటట్టు మాట్లాడుకోండి, కుదరకపోతే పొద్దుటి పత్తిని వేరేగా ఆరబోయండి. యూరియా బస్తాల్లో కుక్కి పెట్టొద్దు. సీసీఐకి అమ్మాలంటే ఇప్పుడు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఫోన్ నంబరు, ఆధార్, పాసుబుక్కు ఒకే పేరుతో ఉన్నాయా లేదా ముందే చూసుకోండి. స్లాట్ రోజు వాన పడితే తడి పత్తి పట్టుకొని పోకండి, కిరాయి దండగ.

వడ్ల సంగతి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి రైతులకు కొత్తగా చెప్పేది లేదు. 17 శాతం తేమ, తాలు లేకుండా తూర్పార పట్టడం, కల్లం మీద పరదాలు. పరదాలు కోతకు ముందే తెచ్చుకోండి, మబ్బు పట్టినంక దొరకవు.

ఐదు లక్షలు, ఒక పేరు

రైతు బీమా 2018 ఆగస్టు 14న మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండి, పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. పిడుగు, పాము కాటు, మోటరు దగ్గర కరెంటు షాకు, జ్వరం, గుండెపోటు, ఏదైనా సరే. గుంట భూమి ఉన్నా అంతే, పదెకరాలు ఉన్నా అంతే. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది.

నేను పనిచేసిన ఒక మండలంలో నలభై ఏళ్ల రైతు వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. బీమా ఉంది. నామినీగా ఆయన తల్లి పేరు ఉంది. ఆమె అంతకు రెండేళ్ల ముందే చనిపోయింది. పేరు మార్చుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. భార్య ఇద్దరు పిల్లల్ని పట్టుకొని వారసత్వ పత్రం కోసం తిరుగుతుంటే ఒక పంటకాలం గడిచిపోయింది. ఆ ఏడు ఆ చేను బీడు పడింది. మీ నామినీ ఎవరో ఇప్పుడు మీకు గుర్తుందా? గుర్తు లేకపోతే ఈ వారమే ఏఈఓను అడగండి. కొత్తగా పాసుబుక్కు వచ్చినవాళ్లు ఆగస్టు 14కు ముందే పేరు రాయించుకోవాలి. వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే ముందే సరిచేసుకోండి, చనిపోయినంక ఎవరూ సరిచేయలేరు.

కౌలు రైతులకు ఒక మాట నేరుగా చెప్పాలి. పట్టా మీ పేరు మీద లేకపోతే రైతు బీమా మీకు రాదు. చెమట మీది, నష్టం మీది, కాగితం ఇంకొకరిది. ఇది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం ఉన్నా ఆ కార్డులు చాలా తక్కువ మంది చేతుల్లో ఉన్నాయి. మీరు చేయగలిగింది, పంట నమోదు సమయంలో భూమి యజమానిని వెంటబెట్టుకొని పోయి సాగు మీదేనని ఏఈఓకు చెప్పడం. అమ్మే రోజు డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, నష్టం జరిగితే పరిహారం ఎవరిదో యజమానితో విత్తే ముందే మాట్లాడుకోండి. ఇద్దరు పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నా మేలే. సొంత భూమి అసలే లేక ఉపాధి హామీ పనికి పోయే కుటుంబాలు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా గురించి పంచాయతీ కార్యదర్శిని అడగండి.

రైతు వేదికకు పోయేటప్పుడు పాసుబుక్కు, మీ ఆధార్, నామినీ ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు, ఆధార్‌కు లింకు ఉన్న ఫోన్ పట్టుకొని పోండి. ధరలు, తేదీలు ఏటా మారుతాయి, ఈ సీజన్‌వి అక్కడ గోడ మీద చూసుకోండి. పంట సలహా కోసం కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.