అక్షింతలపురుగుకు గుమ్మడికాయ

పంటకు హానిచేయు పురుగును మరియొక పురుగుచే తినిపించి అణచుట రైతులకు మేలైన పద్ధతి. అయితే ఇందులో సాధారణముగా నెవరును గమనింపని యంశ మొకటి కలదు. తినెడి పురుగును పెంచవలెనన్న, ముందుగా తినబడు పురుగును పెంచవలెను. దానిని పెంచుటకు అంతకుముందే దాని కాహారమైన మొక్కనో కాయనో సిద్ధపరుపవలెను. ఈ వరుసను పిండినల్లి యుదాహరణముచే వివరింతుము.

పిండినల్లి ద్రాక్ష, జామ, నారింజ మొదలగువాని రసమును పీల్చును. దాని శరీరమును తెల్లని మైనపుపొడి కప్పియుండుటచే మందునీరు సులభముగా తగులదు. ఆస్ట్రేలియాదేశపు క్రిప్టోలీమస్ అను అక్షింతలపురుగు దీనికి శత్రువు. 1891-92లో ఆల్బర్ట్ కోబెలె యను కీటకశాస్త్రజ్ఞుడు దానిని కాలిఫోర్నియాకు చేర్చెను. 1898లో కాఫీతోటల పొలుసుపురుగు నణచుటకై అది మన దేశమునకు తేబడెను. కాలిఫోర్నియాలో నది చలికాలమున మిక్కిలి నశించుచుండుటచే ఏటేట పెంచి విడువవలసి వచ్చెను. అందులకై అచ్చట చీకటిగదులలో బంగాళాదుంపలను మొలకెత్తించి, ఆ మొలకలపై పిండినల్లిని పెంచిరి.

మన దేశమున గుమ్మడికాయ ఆ పని చేయుచున్నది. పండిన కాయ చాలకాలము చెడక నిలుచును. దాని చారల నడుమ పల్లములలో పిండినల్లి పిల్లలు చక్కగా కుదురుకొనును. కాయను తొడిమతో కోసి, కడిగి, బూజుపట్టకుండ మందునీట ముంచి ఆరబెట్టుదురు. గాయములను కరగిన మైనముతో మూయుదురు. ఏలయన కాయ కుళ్లినచో దానిపై పురుగులును నశించును. పిమ్మట పిండినల్లి గ్రుడ్లసంచులను దానిపై నుంచగా రెండు మూడు వారములలో కాయ తెల్లబడును. అప్పుడు పెట్టెలో నుంచి, సుమారు నూరు అక్షింతలపురుగులను ఒక దినము విడిచి గ్రుడ్లు పెట్టనిత్తురు. నెలదినములకు క్రొత్త పురుగులు వెలువడును. పిండినల్లి చాలినంత పెరుగకమున్నే విడిచినచో వాని పిల్లలు ఆకలిచే ఒకదాని నొకటి తినును. ఆలస్యమైనచో కాయ కుళ్లును. కావున కాలము తప్పరాదు.

తోటలో విడిచిన పిదప మరియొక జాగ్రత్త వలయును. అక్షింతలపురుగు పిల్లయు తెల్లని మైనపుపోగులతో పిండినల్లివలెనే కనబడును. రూపమును చూచి దానిని నలిపినను, తోటపై విషపుమందు చల్లినను, నెలల శ్రమ వ్యర్థమగును. కదలక గుంపుగా నంటియుండునది శత్రువు. అంతకంటె పెద్దదై చురుకుగా తిరుగుచు తినునది మిత్రుడు. విద్యార్థులారా! మీ యింటి మందారచెట్టుపై తెల్లని పురుగు కనబడినయెడల, చంపుటకు ముందు భూతద్దముతో పరీక్షింపుడు.