‘పరిశీలన కోసమే చేర్చారు’ అంటూ క్లెయిమ్ కొట్టేస్తే?

ప్రశ్న: బందరులో వృద్ధాశ్రమంలో ఉంటున్న మా అమ్మను ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చాం. చేర్చాల్సినంత జబ్బు కాదంటూ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, గుడివాడ

జవాబు: ఆ మాటకు మీరు తలొగ్గనక్కర్లేదమ్మా. కేవలం పరీక్షలకో, విశ్రాంతికో చేరితే డబ్బు ఇవ్వబోమన్న షరతు పాలసీల్లో ఉంటుంది, నిజమే. కానీ పెద్ద వయసులో న్యుమోనియా వస్తే ఒళ్లు కాలకపోవచ్చు. మగతగా పడుకోవడం, అన్నం ముట్టకపోవడమే తొలి గుర్తులు కావచ్చు. అర్ధరాత్రి ఆక్సిజన్ పడిపోతే చాలా ఆశ్రమాల్లో డాక్టరు ఉండరు. నాగాయలంక, కోడూరు వైపు నుంచైతే బందరు చేరేసరికే గంట దాటుతుంది. అనవసరపు చేరికలతో అందరి ప్రీమియమూ పెరుగుతుందని కంపెనీల వాదన. ఆసుపత్రి పడక పెద్దలకు కొత్త ఇన్ఫెక్షన్లు, మతి గందరగోళం తెచ్చిపెట్టవచ్చన్న మాటా వాస్తవమే. అయినా చేర్చాలా వద్దా అన్న నిర్ణయం రోగిని చూసిన డాక్టరుది, ఖర్చు లెక్క చూసేవారిది కాదు. ఆసుపత్రికి పంపడం తగ్గించిన నర్సింగ్ హోములకు అమెరికా బీమా సంస్థ యునైటెడ్‌హెల్త్ బోనస్‌లు ఇచ్చిందని 2025 మేలో గార్డియన్ పత్రిక రాసింది. కంపెనీ ఖండించింది గానీ, అలాంటి ప్రోత్సాహకం ఎటు లాగుతుందో ఊహించడం కష్టం కాదు.

ముందు కేస్ షీట్ నకలు తీసుకోండి. పడిపోయిన ఆక్సిజన్ రీడింగులు, నరానికెక్కించిన మందులు అందులో ఉంటే ‘పరిశీలన’ అన్న మాట నిలవడం కష్టం. చేర్చక తప్పని కారణాన్ని డాక్టరుతో రాయించి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. అమ్మకు 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించండి. ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం వర్తిస్తుంది. అంబుడ్స్‌మన్‌కు ఏడాదే గడువు, ఆలస్యం చేయకండి.