బర్రె చేపు: హార్మోను చేసే పని, సూది మందు తెచ్చే నష్టం

ఎల్లంతకుంట వైపు పల్లెలలో సంఘానికి పాలు పోసే సభ్యులకు చేపు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. దూడ నాలుగుసార్లు పొదుగును కుమ్మి చీకగానే చన్నులు నిండుకుంటాయి. దూడ చనిపోతేనే చిక్కు. అప్పుడు కొందరు పూటపూటకూ సూది మందు వేయిస్తారు. ఆ మందు లోపల ఏమి చేస్తుందో తెలిస్తే, దానిని నిత్యం వాడడం ఎందుకు నష్టమో తెలుస్తుంది.

పాలు ఉండే చోటు

పొదుగు పాలకుండ కాదు. పాలు సన్నని తిత్తులలో తయారై అక్కడే నిలుస్తాయి. ఆవులో సుమారు ఐదవ వంతు పాలు పొదుగు అడుగు గదిలోకి ముందే దిగి ఉంటాయి. బర్రెలో దిగేది నూటికి ఐదు పాళ్ళే. మిగిలినవన్నీ తిత్తులలోనే. అందువల్ల చేపనిదే బర్రె పాలు రావు.

తాళం, తాళంచెవి

ప్రతి తిత్తి చుట్టూ కండరంవలె ముడుచుకునే కణాలు బుట్ట అల్లినట్లు ఉంటాయి. దూడ చీకినా, చేతితో నిమిరినా ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. అప్పుడు పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. ఇది 9 అమైనో ఆమ్లాలు గల పెప్టైడ్. అమెరికా శాస్త్రజ్ఞుడు విన్సెంట్ డు విగ్నో దీనిని ప్రయోగశాలలో తయారుచేసి 1955లో నోబెల్ బహుమతి పొందాడు.

ఈ హార్మోను ఒళ్ళంతా తిరిగినా అన్ని కండరాలనూ ముడిచివేయదు. ఇది తాళంచెవి వంటిది. దీనికి సరిపోయే తాళం, అంటే రిసెప్టారు, ఉన్న కణాలే స్పందిస్తాయి. అప్పుడు కణం లోపల కాల్షియం పెరుగుతుంది, కణం ముడుచుకుంటుంది, తిత్తి నుంచి పాలు దిగుతాయి. గుండె కండరానికీ ఇటువంటి తాళాలు ఉన్నాయి. గ్లూకగాన్ అనే మరొక పెప్టైడ్ తన తాళాన్ని తాకితే గుండె మరింత బలంగా ముడుచుకుంటుంది.

ఆక్సిటోసిన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. కనుక చేపు రాగానే ఆపకుండా పితకాలి. పశువు బెదిరితే అడ్రినలిన్ పుడుతుంది. ఇది పెప్టైడ్ కాకపోయినా దీనికీ తాళాలున్నాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది, పొదుగు రక్తనాళాలు సన్నబడతాయి, చేపు ఆగుతుంది. కొట్టి చేపించబోతే జరిగేది ఇదే.

నిత్యం సూది వేస్తే

సూదిలో ఉన్నది ఈ ఆక్సిటోసినే. రోజూ వేస్తే పొదుగు అలవాటుపడి, సొంత హార్మోనుకు సరిగా స్పందించదు. తరువాత సూది లేనిదే బర్రె చేపదు. ఈ హార్మోనుకు గర్భసంచిలోనూ తాళాలున్నాయి కనుక చూడి పశువుకు ప్రమాదం. పాలు తాగినవారి కడుపులో ఈ పెప్టైడ్ జీర్ణమైపోతుంది. ముఖ్యమైన నష్టం పశువుకూ, దాని యజమానికీ.

ప్రసూతి సమయంలో రక్తస్రావం ఆపడానికి వైద్యులు వాడే మంచి మందు ఇది. కానీ పాలు రాబట్టడానికి పశువు ఆరోగ్యానికి హాని కలిగేటట్లు ఏ పదార్థాన్ని సూదితో ఎక్కించినా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా 2 సంవత్సరాల వరకు జైలు, లేదా రెండూ. పశువు ప్రభుత్వపరమవుతుంది.

సభ్యులు చేయవలసినవి

1. ఒకే మనిషి, ఒకే చోట, ఒకే వేళకు పితకాలి.

2. ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడగాలి.

3. రెండు మూడు నిమిషాలు చన్నులు నిమరాలి. తొందర పనికిరాదు.

4. తొలిచూలు నుంచే చేతి చేపుకు అలవాటు చేయాలి. అప్పుడు దూడ పోయినా పాడి నిలుస్తుంది.

5. ఇప్పటికే సూదికి అలవాటుపడిన బర్రెను పశువైద్యుని సలహాతో క్రమంగా మాన్పించాలి. కొన్నాళ్ళు పాలు తగ్గవచ్చు; ఓర్చుకోవాలి.

సంఘం సమావేశంలో ఈ పాఠాన్ని చదివి వినిపించండి. ఇంట్లో పాలు పితికే ఆడవారు తప్పక వినేటట్లు చూడండి.